సిద్ధాంతం వేరు, మూలిక వేరు: చైనా వైద్యం నుంచి సింగ్‌భూమ్ నేర్చుకోవలసింది

ఏటా నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు, సింగ్‌భూమ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలో, బిష్టుపూర్‌లోని గోపాల్ మైదానంలో ‘సంవాద్’ మొదలవుతుంది. టాటా స్టీల్ 2014లో మొదలుపెట్టిన ఈ ఆదివాసీ సమ్మేళనానికి పాటగాళ్లు, నేతగాళ్లు, వంటవాళ్లతో పాటు వేర్వేరు రాష్ట్రాల గిరిజన వైద్యులు కూడా వస్తారు. ఎండు వేర్లు, బెరళ్లు, పొడులు ముందు పెట్టుకుని కూర్చున్న ఆ వైద్యుల ఎదుట నిలబడ్డ ఉక్కు నగరవాసికి తోచే ప్రశ్న ఒక్కటే: ఇది పనిచేస్తుందా? దీనికి మన దేశంలో వినిపించే జవాబులు రెండు. పనిచేయకపోతే ఇన్ని తరాలు నిలిచేదా అని ఒకరంటారు. ప్రయోగశాల ముద్ర పడనిదంతా మూఢనమ్మకమేనని ఇంకొకరంటారు. రెండూ తొందరపాటు జవాబులే. ఈ తగాదాను మనకంటే పెద్ద ఎత్తున, మనకంటే ఎక్కువ కాగితం ఖర్చుపెట్టి పడిన దేశం చైనా. అక్కడ ఏం తేలింది, ఏం తేలలేదు అన్నది ఒకసారి లెక్క చూసుకుంటే సింగ్‌భూమ్ అడవుల మూలికల గురించి స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

చైనా సంప్రదాయ వైద్యమని ఒక్క పేరుతో పిలిచే మూటను విప్పితే అందులో మూడు సరుకులు కనిపిస్తాయి. శరీరం ఎలా నడుస్తుందో చెప్పే సిద్ధాంతం మొదటిది. రోగికి ఇచ్చే మూలిక రెండోది. ఆ రెండింటినీ గ్రంథాల్లో పెట్టి, ముందటివాడి మాటను తరవాతివాడు ఎదిరిస్తూ వచ్చిన అలవాటు మూడోది. సిద్ధాంతానికి ఇప్పటిదాకా భౌతికమైన రుజువు దొరకలేదు. మూలికల్లో కొన్ని ప్రాణాలు నిలిపాయి, కొన్ని ప్రాణాలు తీశాయి. రాసి పెట్టడం, తప్పుపట్టడం అనే ఆ అలవాటే చైనా వైద్యానికి అసలైన ఆస్తి. ఒక సరుకు నాణ్యతను చూపించి మూడింటినీ అమ్మడం అభిమానుల పొరపాటు. ఒకటి పుచ్చిందని మూడింటినీ పారబోయడం విమర్శకుల పొరపాటు.

పునాది భావనలు

ఈ వైద్యానికి మూలగ్రంథం ‘హువాంగ్‌దీ నేయ్‌జింగ్’. పసుపు చక్రవర్తికీ ఆయన ఆస్థాన వైద్యుడికీ మధ్య ప్రశ్నోత్తరాలుగా సాగే ఈ గ్రంథం ఒకరు రాసింది కాదు. క్రీస్తుపూర్వపు చివరి రెండు శతాబ్దాల ప్రాంతంలో పలు చేతుల మీదుగా కూర్చింది. ఇందులోని కీలక పదం ‘చీ’. ఆ పదం పాత లిపిలో బియ్యం గుర్తు ఉంటుంది. ఉడుకుతున్న అన్నం మీద లేచే ఆవిరిగా దాన్ని వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఊపిరి, సత్తువ, వాతావరణం, మనసు తీరు, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. యిన్, యాంగ్ అంటే మొదట్లో కొండకు నీడపట్టు, ఎండపట్టు. తరవాత చలి-వేడి, లోపల-బయట, స్త్రీ-పురుషుడు వంటి జంటలన్నిటికీ అవే పేర్లయ్యాయి. కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే అయిదింటిని మన పంచభూతాలతో పోల్చడం మామూలే గానీ, ఆ పోలిక పైపైదే. మన భూతాలు పదార్థాలు, ఏది దేనితో తయారైందో చెబుతాయి. చైనావి దశలు, ఏది దేని తరవాత వస్తుందో, ఏది దేన్ని అణుస్తుందో చెబుతాయి. కొయ్య అంటే వసంతం, పులుపు, కోపం, కాలేయం. అక్కడి కాలేయం కూడా కోత బల్ల మీద కనిపించే అవయవం కాదు, కొన్ని పనుల మూటకు పెట్టిన పేరు.

ఈ సిద్ధాంతం ఒక్కసారిగా ఊడిపడలేదు. 1973లో మావాంగ్‌దుయ్ దగ్గర, క్రీ.పూ. 168లో మూసిన సమాధిలో పట్టు మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో శరీరపు నాళాలు పదకొండే. చికిత్సగా కాల్చడం, వేడి పెట్టడం ఉన్నాయి గానీ సూదుల ఊసు లేదు. కొన్ని తరాల్లోనే నాళాలు పన్నెండయ్యాయి, సూది గుచ్చే బిందువులు వచ్చి చేరాయి, ఆ లెక్క ఇప్పుడు 361 దగ్గర స్థిరపడింది. నాడి చూడటానికీ ఇలాంటి చరిత్రే ఉంది. చైనాలో మూడో శతాబ్దపు వాంగ్ షుహె నాడి గతులను ఇరవై నాలుగుగా విభజించాడు. మన చరక, సుశ్రుత సంహితల్లో నాడీపరీక్ష పద్ధతిగా కనిపించదు. మధ్యయుగపు శార్ఙ్గధర సంహితతో అది పైకి వచ్చి, తెలుగు వైద్యులు చేతిపుస్తకంగా వాడుకున్న ‘బసవరాజీయం’లో ముందువరుసన కూర్చుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ దారిన ప్రయాణించిందన్నది చరిత్రకారులు ఇంకా తేల్చని సంగతి. రెండు దేశాల్లోనూ అనాదిగా మారకుండా వచ్చిందనే మాట మాత్రం నిలవదు.

ఒక జ్వరం, ఆరు వాదాలు

బయటి వారికి ఒక్కటిగా కనిపించే ఈ వైద్యంలో లోపలి తగాదాలు ఎంత తీవ్రమో తెలియాలంటే జ్వరం దగ్గర మొదలుపెట్టాలి. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ ‘షాంగ్‌హాన్ లున్’ రాశాడు. రెండువందల పైచిలుకు మంది ఉన్న తన వంశంలో పదేళ్లు తిరగకుండా మూడింట రెండు వంతుల మంది పోయారని దాని ముందుమాట చెబుతుంది. ఆయన లెక్కలో జ్వరమంటే చలి ఒంట్లో చొరబడటం. అందువల్ల వేడిమందుతో చెమట పట్టించి దాన్ని వెళ్లగొట్టాలి. ఆయన మొదటి యోగం దాల్చిన కొమ్మల కషాయం. దాల్చిన రెమ్మలు, పియోనీ వేరు, అతిమధురం, అల్లం, రేగు జాతి పండు, మొత్తం అయిదే దినుసులు. అది తాగించాక వేడి గంజి పట్టించి, దుప్పటి కప్పి, ఒళ్లంతా సన్నగా చెమర్చేదాకా చూడాలని, నీళ్లు కారేంత చెమట పట్టనివ్వరాదని ఆయన ఆదేశం. మోతాదు, కాచే తీరు, తాగాక ఏం చేయాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ అందులో ఉన్నాయి. సిద్ధాంతాన్ని పక్కన పెట్టినా ఆ రాతను ఇప్పటికీ పరీక్షకు పెట్టవచ్చు.

పన్నెండు, పధ్నాలుగు శతాబ్దాల మధ్య యుద్ధాలతో ఉత్తర చైనా కల్లోలమైనప్పుడు నలుగురు వైద్యులు నాలుగు దారులు పట్టారు. రోగాలకు మూలం వేడి, కాబట్టి చల్లబరచాలన్నాడు లియు వాన్‌సు. రోగం బయటిదొంగ, చెమట, వాంతి, విరేచనాలతో తరిమేయాలన్నాడు జాంగ్ త్సోంగ్‌జెంగ్. 1232లో ముట్టడిలో చిక్కిన కైఫెంగ్ నగరంలో ఆకలితో, అలసటతో నీరసించిన జనం జ్వరాలతో కుప్పలుగా చనిపోవడాన్ని గమనించిన లీ గావ్ వీరిద్దరినీ కాదన్నాడు. లోపల జీర్ణశక్తి కుప్పకూలిన వాడికి విరేచనం పెడితే చంపినట్టేనని, ముందు ప్లీహాన్నీ పొట్టనూ నిలబెట్టాలని వాదించాడు. తరవాతి తరపు జు జెన్‌హెంగ్ ప్రభుత్వం అచ్చువేసి పంచిన యోగాల పుస్తకం మీదే కత్తి దూశాడు. ఘాటైన వేడి దినుసులతో తయారుగా దొరికే ఆ మందులు ఒంటి తడిని ఆర్చేస్తున్నాయని, యిన్‌ను పోషించడమే వైద్యమని ఆయన మాట.

1641 నాటి మహమ్మారిలో పాత చలి సిద్ధాంతపు మందులు విఫలమవడం చూసి వు యౌకె 1642లో కొత్త గ్రంథం రాశాడు. అంటురోగం చలివల్లా వేడివల్లా రాదనీ, నోటినుంచి ముక్కునుంచి చొరబడే ఒకానొక విషవాయువు దానికి కారణమనీ తేల్చాడు. ఈ దారిని పద్దెనిమిదో శతాబ్దంలో యె తియన్‌షి, 1798లో గ్రంథం ముగించిన వు జుతోంగ్ విస్తరించి ‘వెచ్చని జ్వరాల’ శాఖగా నిలబెట్టారు. దాల్చినకు బదులు హనీసకుల్ పూలు, ఫోర్సిథియా కాయలు వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో సిచువాన్‌లో జెంగ్ చిన్‌ఆన్ పేరుతో మొదలైన ‘అగ్ని’ శాఖ మళ్లీ వేడి వైపు తిరిగి వసనాభి దుంపను పెద్ద మోతాదుల్లో వాడింది. ఎక్కువసేపు కాచకపోతే గుండెను ఆపేసే మందు అది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జాంగ్ షిచున్ అయితే ఆస్పిరిన్ మాత్రను జిప్సం కషాయంతో కలిపి ఇచ్చాడు. దానికీ యిన్, యాంగ్ భాషలోనే వ్యాఖ్యానం రాశాడు.

ఒకే జ్వరానికి ఒకరు వేడి చేయమన్నారు, ఒకరు చల్లబరచమన్నారు, ఒకరు వెళ్లగొట్టమన్నారు, ఒకరు బలం పెట్టమన్నారు, ఒకరు తడి పోయమన్నారు, మరొకరు విషాన్ని విరిచేయమన్నారు. ఇన్నీ ఒకేసారి నిజం కాలేవు. వేల ఏళ్ల ఏకాభిప్రాయమన్నది చరిత్ర ముందు నిలవని మాట. కానీ కొత్త శాఖలు పుట్టిన తీరు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వాటిలో చాలావరకు పాత మందు పనిచేయని రోగం ఎదురైనప్పుడే పుట్టాయి. కైఫెంగ్ ముట్టడీ 1641 నాటి మహమ్మారీ వైద్యులను పుస్తకం మూసి రోగిని చూడమన్నాయి. వారు పడ్డ చిక్కల్లా చూసినదాన్ని లెక్కించి, పోల్చి, ఏ వాదం ఓడిందో ఖాయంగా తేల్చే పద్ధతి లేకపోవడం. కొత్త శాఖ వచ్చిందే గానీ పాత శాఖ ఒక్కటీ పోలేదు.

నిషేధం నుంచి విశ్వవిద్యాలయం దాకా

1929 ఫిబ్రవరిలో నాన్‌జింగ్ ప్రభుత్వపు ఆరోగ్య సమావేశం ముందు, జపాన్‌లో వైద్యం చదివి వచ్చిన యు యున్‌షియు పాత వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలని ప్రతిపాదించాడు. మార్చి 17న షాంఘైలో వైద్యులు, మందుల వర్తకులు పెద్ద సభ పెట్టి ఎదిరించారు. ప్రతిపాదన అమలుకాలేదు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే మద్రాసు రాష్ట్రంలో ఇదే నాటకం మరో వేదిక మీద నడిచింది. దేశీయ మందులను తేలికచేస్తూ వచ్చిన కోమన్ నివేదిక వైద్యులను రెచ్చగొట్టింది. మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1923లో దేశీయ వైద్యాన్ని సమర్థించింది. 1925లో ప్రభుత్వ భారతీయ వైద్య పాఠశాల మొదలైంది. అమెరికా వెళ్లక మునుపు యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినదీ ఈ వాతావరణంలోనే. ఆధునికులు కొట్టిపారేయడం, వైద్యులు సంఘటితమవడం, ప్రభుత్వం మధ్యేమార్గం పట్టడం రెండు చోట్లా ఒకే వరుసలో జరిగాయి.

దారులు విడిపోయింది 1949 తరవాత. డాక్టర్ల కొరత ఉన్న కొత్త చైనా సంప్రదాయ వైద్యులను ప్రభుత్వ వ్యవస్థలోకి తీసుకుంది. 1955లో బీజింగ్‌లో పరిశోధన అకాడమీ, 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లో నాలుగు కళాశాలలు వెలిశాయి. తరగతి గదిలో అన్ని శాఖల తగాదాలు బోధించలేరు కాబట్టి పాఠ్యపుస్తకాల సంపాదకులు ఒక ఉమ్మడి సూత్రాన్ని ముందుకు తెచ్చారు. రోగలక్షణాల పోకడను గుర్తించి దానికి తగ్గ చికిత్స నిర్ణయించడమన్నది ఆ సూత్రం. గురువు ఇంట్లో ఒక శాఖ గ్రంథాన్ని బట్టీయం వేసి నేర్చుకునే చదువు పోయి, సిలబస్, పరీక్ష, డిగ్రీ వచ్చాయి. ఇవాళ ప్రపంచమంతటా నేర్పుతున్న చైనా సంప్రదాయ వైద్యం చాలావరకు ఈ పాఠ్యపుస్తకాల బిడ్డేనని పాల్ ఉన్‌షుల్ట్ వంటి చరిత్రకారులు చూపించారు. దీన్ని మోసమని కొట్టిపారేయనక్కర్లేదు, ఏ జ్ఞానమైనా బడిలోకి వస్తే రూపు మారుతుంది. అయితే పాతదన్న గౌరవాన్ని 1950ల సంకలనానికి అప్పనంగా కట్టబెట్టడం మాత్రం కుదరదు.

మూలిక ఇచ్చిన సాక్ష్యం

మూలికల పద్దు చైనాలో చాలా పాతది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల ‘షెన్‌నోంగ్ బెన్‌త్సావ్ జింగ్’లో 365 దినుసులున్నాయి. దీర్ఘాయువునిచ్చేవి, సత్తువనిచ్చేవి, రోగం మీద ప్రయోగించే విషాలు అని మూడు తరగతులు. లీ షిజెన్ 1578లో ముగించిన, 1596లో అచ్చయిన ‘బెన్‌త్సావ్ గాంగ్‌ము’లో దినుసులు 1,892కు, యోగాలు 11,096కు పెరిగాయి. ఈ పద్దులు నిజంగా దేనికి పనికొస్తాయో చూపే ఉదాహరణ సింగ్‌భూమ్‌కు బాగా దగ్గరిది.

సింగ్‌భూమ్‌లోని సారండా అడవుల మన్యం మలేరియాకు పేరుపడ్డది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఆ చలిజ్వరంలో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం క్లోరోక్విన్‌కు లొంగడం మానేశాక మన జాతీయ కార్యక్రమం దానికి ఇస్తున్నది ఆర్టెమిసినిన్ జాతి మందు కలిసిన జోడు. ఆ మందు పుట్టుక 1967 మే 23న చైనా సైన్యం కోసం మొదలైన రహస్య పథకంలో ఉంది. ఆ పథకంలో తు యోయో అనే శాస్త్రవేత్త బృందం పాత గ్రంథాల నుంచి రెండు వేల పైచిలుకు యోగాలు పోగుచేసి, దాదాపు రెండువందల మొక్కల సారాలను ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ మొక్క ఒకసారి పనిచేసేది, మరోసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ తన చేతిపుస్తకంలో పిడికెడు చింగ్‌హావ్‌ను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. కాచమనలేదు. వేడి మందును చెరుపుతోందేమోనన్న అనుమానంతో తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో ఎలుకల్లో ఆ సారం క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టింది. 2015లో నోబెల్ వచ్చింది.

ఈ కథను అభిమానులు సిద్ధాంతానికి గెలుపుగా చెబుతారు. జాగ్రత్తగా చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. ఆ మొక్కను ఎంచింది యిన్, యాంగ్ లెక్క కాదు, చలిజ్వరానికి వాడారన్న పద్దు. దారి చూపింది తయారీ విధానం గురించిన ఒక్క వాక్యం. నిజం తేల్చింది ఎలుక, ఆ తరవాత రోగి. పద్దు కూడా సొంతంగా సరిపోలేదు. చింగ్‌హావ్ పేరుతో గ్రంథాల్లో కలగలిసిన మొక్కల్లో మందున్నది ఒక జాతిలోనే. అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ఆకు టీ తాగి మలేరియాను నయం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హార్బిన్‌లో 1970లలో జాంగ్ తింగ్‌డోంగ్ శంఖపాషాణాన్ని ఒక రకం రక్తకేన్సర్ మీద ప్రయోగించడం కూడా ఇలాంటిదే. నాటు యోగంలోని ఇతర దినుసులను తీసేసి, పాషాణం ఒక్కటే పనిచేస్తోందని తేల్చాక అది ప్రపంచ ప్రామాణిక చికిత్సలోకి వచ్చింది.

నాణేనికి రెండో వైపు బ్రస్సెల్స్‌లో కనిపించింది. 1990ల మొదట్లో అక్కడ ఒళ్లు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు మింగిన వంద మందికి పైగా స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. వాడవలసిన ఫాంగ్‌జీ బదులు అదే పేరు కలిసిన గ్వాంగ్ ఫాంగ్‌జీ పడింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాన్ని ఎండగట్టి, తరవాత కేన్సర్‌ను కూడా తెచ్చింది. ఈ ఆమ్లం మన పల్లెల్లో పాముకాటుకు నూరి ఇచ్చే ఈశ్వరి వేరులోనూ ఉంది. తరాలుగా వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదన్న ధీమాకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. మందిచ్చిన ఏళ్లకు మూత్రపిండం పోతే, ఆ చావును ఈ కషాయంతో ముడిపెట్టి చూడగల వైద్యుడు ఏ ఊళ్లోనూ ఉండడు.

సూది లెక్క

ఆక్యుపంక్చర్ మన దేశానికి వచ్చింది జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న కలకత్తా మీదుగానే. 1938లో జపాన్ దాడిలో నలిగిన చైనాకు కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల్లో డాక్టర్ కోట్నీస్ అక్కడే కన్నుమూశాడు. మరొకరైన డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ వెళ్లి సూది వైద్యం నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దానికి గుర్తింపునిచ్చింది. పరీక్షల మాటకొస్తే, జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగుల మీద జరిపి 2007లో ప్రకటించిన అధ్యయనం తరచు రెండు పక్షాలవారూ ఉదహరించేది. పద్ధతి ప్రకారం గుచ్చితే 47.6 శాతం మందికి మేలైంది. బిందువులు కానిచోట పైపైన గుచ్చితే 44.2 శాతం మందికి. మామూలు వైద్యంతో 27.4 శాతం మందికి. సూది పడితే గుణముందని ఒకరు, ఎక్కడ గుచ్చినా ఒకటే కాబట్టి నాళాల సిద్ధాంతం తేలిపోయిందని ఒకరు చదువుకున్నారు. అంకెలు రెండింటికీ చోటిస్తున్నాయి. రోగికి ఊరట దక్కింది, ఆ ఊరటకు చెప్పిన కారణం దక్కలేదు. తరవాతి పెద్ద సమీక్షలు అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య చిన్న తేడాను చూపించాయి. అది రోగికి పట్టేంత తేడానా కాదా అన్నదే మిగిలిన వివాదం.

సింగ్‌భూమ్ వైపు

ఇప్పుడు గోపాల్ మైదానానికి వద్దాం. హో, సంతాల్, ముండా జనాల వైద్యం చైనా వైద్యంలా గ్రంథాల మీద పెరగలేదు. సంతాలీలో మందుకు ‘రాన్’ అని సొంత మాట ఉంది, సొంత యోగాలున్నాయి, రాత మాత్రం ఆలస్యంగా, బయటివారి చేతుల మీదుగా వచ్చింది. నార్వే మిషనరీ పి.ఒ. బోడింగ్ 1925 నుంచి ఆసియాటిక్ సొసైటీ ద్వారా ప్రకటించిన సంతాల్ వైద్య గ్రంథంలో మూడువందల పైచిలుకు యోగాలు నమోదయ్యాయి. తరవాత పాకుడ్ ప్రాంతంలో పి.పి. హెంబ్రమ్ ఈ జ్ఞానానికి ‘హోడోపతి’ అని పేరుపెట్టి పుస్తకంగా కూర్చారు. ముండా భాషల్లో ‘హోడో’ అంటే మనిషి. చైనాలో 1950లలో ప్రభుత్వం చేసిన సంకలనాన్ని ఇక్కడ ఒక వ్యక్తి తలకెత్తుకున్నారు.

ఈ అడవుల మూలికలకు గుణం లేదనడానికి వీల్లేదు. సర్పగంధ కథ అందుకు సాక్షి. కలకత్తాలో 1931లో గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అది రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ రోగుల మీద లెక్కలతో చూపించాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని వేరు నుంచి రిసర్పిన్ అనే మందు విడిపడింది. ఆ తరవాత వేరు కోసం అడవిని ఊడ్చేసినందువల్ల ఇవాళ ఆ మొక్క వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ ఉంది. మరో మొక్క నేలవేము, హిందీలో కాల్‌మేఘ్. జార్ఖండ్ పల్లెలూ మన పల్లెలూ జ్వరానికి వాడే ఈ చేదాకును చైనా వైద్యం చువాన్‌షిన్‌లియన్ పేరుతో తన పద్దులో బాగా ఆలస్యంగా చేర్చుకుంది. దాన్ని ఏకంగా ఇంజెక్షన్ మందుగా మార్చింది. ఒకే ఆకు ఒకచోట ఇంటి కషాయం, ఇంకోచోట సీసాలో పరిశ్రమ. తేడా ఆకులో లేదు, వెనక నిలిచిన వ్యవస్థలో ఉంది.

ఆక్షేపణలు, జవాబులు

మూలికను విడదీసి పరీక్షిస్తే సంపూర్ణ వైద్యం చచ్చిపోతుందన్నది మొదటి ఆక్షేపణ. ఒక్కో రోగికి ఒక్కో యోగం కట్టే వైద్యానికి ఒకే మాత్రతో పరీక్ష పెట్టడం అన్యాయమని దీని సారం. ఆస్ట్రేలియాలో 1998లో ప్రకటించిన అధ్యయనం దీనికి జవాబు. 116 మంది పేగు సమస్యల రోగుల్లో కొందరికి అందరికీ ఒకే చైనా యోగం, కొందరికి వైద్యుడు మనిషిని బట్టి కట్టిన యోగం, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండు చైనా యోగాలూ ఉత్తుత్తి మందుకంటే మెరుగయ్యాయి. మందు ఆపిన పధ్నాలుగు వారాల తరవాత కూడా మేలు నిలిచింది మనిషిని బట్టి కట్టించుకున్నవారిలోనే. ఒక్క అధ్యయనంతో వాదం ముగియదు గానీ, మనిషిని బట్టి ఇచ్చే వైద్యాన్ని కూడా న్యాయంగా తూకం వేయవచ్చని అది నిరూపించింది.

రెండో ఆక్షేపణ ఎదుటి పక్షానిది. వేల యోగాలు తవ్వితే దొరికింది వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మందులైతే ఈ శ్రమ ఎందుకు, రసాయన శాలలు లేవా అని. వేళ్ల మీద లెక్కే అన్నది ఒప్పుకోవలసిన నిజం. కానీ ఆ కొద్దిలో ఒకటి ఫాల్సిపారం మలేరియాకు దిక్కయింది, ఒకటి రక్తకేన్సర్‌ను లొంగదీసింది. పద్దును జవాబుగా కాక ఆచూకీగా వాడితే ఆ శ్రమ దండగ కాదు.

మూడోది అన్నిటికంటే బరువైనది. రాసిస్తే కంపెనీలు దోచుకుపోతాయన్న భయం. ఇది ఊహ కాదు. గాయాలకు పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది. రద్దు చేయించింది మన దగ్గరున్న రాతే. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో తయారైన మందు మీద వచ్చిన ఆదాయంలో వారికి వాటా దక్కింది. అదీ ఎవరు చెప్పారో నమోదై ఉండబట్టే. 2002 జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభాల వాటా బాధ్యత నుంచి మినహాయింపునిచ్చింది. అంటే రాయడమొక్కటే రక్ష కాదు. ఎవరి పేరుతో, ఏ షరతులతో రాస్తామన్నది రాయడమంత ముఖ్యం.

ప్రభుత్వం అండగా నిలిస్తే చాలదా అన్నది చివరి ప్రశ్న. చైనా అనుభవం ఇక్కడ హెచ్చరిక కూడా. 2017లో అమల్లోకి వచ్చిన అక్కడి చట్టం కొన్ని ప్రాచీన యోగాలను రోగుల మీద పరీక్షించకుండానే మందుగా నమోదు చేసుకోనిచ్చింది. పులి ఎముక, ఖడ్గమృగం కొమ్ము వ్యాపారాన్ని 1993లో నిషేధించినా, అలుగు పెంకులను ఔషధ ప్రమాణ గ్రంథంలోని దినుసుల వరుస నుంచి తీయడానికి 2020 దాకా పట్టింది. ఈలోగా మన అడవుల అలుగులు కూడా దొంగవ్యాపారానికి బలయ్యాయి. కాపాడటం వేరు, పరీక్ష నుంచి కాపాడటం వేరు.

తేలినవి, తేలనివి

తేలినవాటిని ఒకచోట చేర్చుకుందాం. చీ, నాళాలు, అయిదు దశలు ఒక కాలపు ఆలోచనను అర్థం చేసుకోవడానికి విలువైనవి, రోగనిర్ణయానికి ఆధారాలుగా నిలవలేదు. మూలికల్లో గుణమూ విషమూ రెండూ నిజం, ఏది ఏదో పాతదనం చెప్పలేదు. శాఖల తగాదాలు ఈ వైద్యానికి బలహీనతలా కనిపించినా, దాని ఆలోచన బతికి ఉన్నది వాటివల్లే. తేలనివీ ఉన్నాయి. సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య తేడా ఎంత? అయిదారు దినుసులు కలిసినప్పుడు ఒకదాని గుణాన్ని మరొకటి పెంచుతుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల జాబితాలో సంప్రదాయ వైద్యానికి ప్రత్యేక అధ్యాయమివ్వడం లెక్కలు రాసుకోవడానికి సాయపడుతుందా, లేక రుజువుకు ముందే గౌరవం కట్టబెడుతుందా? వీటిలో దేనికీ తుది తీర్పు ఇంకా రాలేదు.

సింగ్‌భూమ్ ఈ తీర్పులన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. హోడోపతికి చైనా నుంచి యిన్, యాంగ్ అరువు అక్కర్లేదు, పరీక్ష లేని ప్రభుత్వ ముద్ర అంతకన్నా అక్కర్లేదు. కావలసింది ఓపికగా రాసిన పద్దు. మొక్కకు హో పేరు, సంతాలీ పేరు, శాస్త్రీయ నామం. ఏ భాగం, ఏ కాలంలో తీయాలి, నానబెట్టాలా కాచాలా, ఎంత మోతాదు, గర్భిణికి, పసిపిల్లకు ఇవ్వకూడనిదేది, చెప్పిన వైద్యుడు ఎవరు, ఆయనకూ ఆయన ఊరికీ దక్కవలసిన వాటా ఎంత. పనిచేయని యోగాన్ని కూడా పనిచేయలేదని రాయాలి. సంవాద్‌కు వచ్చే వైద్యుల్లో వయసు మళ్లినవారు ఉన్నారు, వారితోపాటే పోయే యోగాలూ ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, ఆస్పత్రులు, టాటా వంటి సంస్థలు, ఆదివాసీ గ్రామసభలు కలిసి కూర్చుంటే ఇది పెద్ద ఖర్చు పని కాదు. గె హోంగ్ చింగ్‌హావ్ గురించి రాసింది ఒక్క వాక్యమే. కాచమనకుండా పిండమని రాసి ఉండబట్టి, పదహారు వందల ఏళ్ల తరవాత పరీక్షించడానికి ఏదో ఒకటి మిగిలింది.